తెలుగు నేలపై పరిశోధక విద్యార్థుల పురావస్తు, స్థానిక చరిత్ర అధ్యయనాలు

ఎం.ఫిల్., పిహెచ్.డి. పట్టాల కోసం ఒక తాలూకానో, ఒక ఏటి లోయనో, ఒక జిల్లానో ఎంచుకొని ఊరూరా తిరిగి రాసిన సిద్ధాంత వ్యాసాలు తెలుగువారి చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. కర్నూలు, చిత్తూరు జిల్లాల్లో రాతి పనిముట్లు ఏ వాగుల్లో దొరుకుతాయి, అనంతపురం వైపు కనిపించే బూడిదదిబ్బలు ఏమిటి, కాకతీయుల కాలంలో గుళ్ళకు గొర్రెలూ పొలాలూ ఇచ్చినవాళ్ళు ఎవరు, ఈస్టిండియా కంపెనీ పాలనలో గుంటూరు కచేరీని నిజంగా నడిపిందెవరు అన్న ప్రశ్నలకు జవాబుల్లో ఎక్కువ భాగం విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల నుంచే వచ్చింది. సమగ్ర చరిత్రలు వీటిని వాడుకున్నాయి. అయినా వీటి రచయితలు సాధారణ పాఠకులకు తెలియదు. అచ్చయినవి తక్కువ. మిగిలినవి టైపు ప్రతులుగా విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉండిపోయాయి.

పూర్వరంగం

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన మొదలయ్యేనాటికే ఊళ్ళ చరిత్ర సేకరించే అలవాటు తెలుగు దేశంలో ఉంది. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ (1754–1821) కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారి సహాయకులూ కరణాల దగ్గరి కవిలెలు చూసి, పెద్దలను అడిగి, శాసనాలకు నకళ్ళు రాసుకొని కైఫీయతులు కూర్చారు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించి కాపాడాడు. 1882లో రాబర్ట్ స్యూయెల్ మద్రాసు రాజధానిలోని పురాతన అవశేషాలను జిల్లా, తాలూకా, ఊరు వరసలో జాబితా చేశాడు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా తెచ్చారు. స్యూయెల్ అనుసరించిన తాలూకా వరసనే తర్వాతి సిద్ధాంత వ్యాసాల అనుబంధాలు చాలాకాలం పాటించాయి.

1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి పట్టాలతో పనిలేని పండితులవి. రాజమహేంద్రవరం మండలి 1926 నుంచి పత్రిక నడిపింది. హైదరాబాదు మండలి 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటం ప్రచురించింది. భావరాజు వెంకట కృష్ణారావు, ఆదిరాజు వీరభద్రరావు, మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటివారు సిద్ధం చేసిన శాసన పాఠాలే తర్వాతి తరాల పరిశోధక విద్యార్థులకు ముడిసరుకు అయ్యాయి. ఆ వ్యాసాల గ్రంథసూచికలు తిరగేస్తే ఈ రుణం ఎంత పెద్దదో తెలుస్తుంది.

పట్టా కోసం రాసిన తొలి వ్యాసాల్లో ప్రసిద్ధమైనది కె. గోపాలాచారి రచన. కె.ఎ. నీలకంఠశాస్త్రి ఆచార్యుడిగా ఉన్న కాలంలో మద్రాసు విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ రచన ఆంధ్ర దేశపు తొలి చరిత్రగా 1941లో పుస్తకమైంది. శాతవాహనులు, ఇక్ష్వాకులు, సాలంకాయనుల వంశక్రమాన్ని నాణేలు, శాసనాల ఆధారంగా పేర్చిన పద్ధతి తర్వాత అరవై, డెబ్బైల దాకా చరిత్ర విభాగాలకు నమూనాగా ఉంది. రాజవంశం ఒకటి తీసుకోవడం, రాజుల వరస తేల్చడం, చివర పాలన, మతం, కళ అని మూడు అధ్యాయాలు చేర్చడం ఆ నమూనా. అప్పటికి అది అవసరమైన పనే. వరస తేలాక కూడా అదే అచ్చులో రాస్తూ పోవడం వల్ల చాలా వ్యాసాలు ఒకేలా తయారయ్యాయి.

దక్కన్ కళాశాల: లోయల వెంట

పురావస్తు రంగంలో అసలు మలుపు పుణేలో వచ్చింది. అక్కడి దక్కన్ కళాశాల 1939లో స్నాతకోత్తర పరిశోధన సంస్థగా మారింది. అదే ఏడు హెచ్.డి. సంకాలియా ఆచార్యుడిగా చేరాడు. గుజరాత్ పురావస్తువులపై 1936లో లండన్‌లో పట్టా పొందిన ఆయన తన విద్యార్థులకు ఒక ప్రాంతాన్నో, జిల్లానో, నదీ పరీవాహక ప్రాంతాన్నో అప్పగించే పద్ధతి పెట్టాడు. ప్రతి విద్యార్థీ తనకిచ్చిన ప్రాంతమంతా నడిచి, నది ఒడ్డు కోసుకుపోయిన చోట కంకర పొరలు చూసి, ఏ పొరలో ఏ పనిముట్టు ఉందో రాసుకోవాలి. దేశపు రాతియుగ పటం చాలావరకు ఈ నడకల వల్లే నిండింది.

తెలుగు జిల్లాలు ఆ పటంలోకి తొందరగానే వచ్చాయి. కర్నూలు ప్రాంతానికి అప్పటికే పేరుంది. భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1880ల్లో బిళ్ళసర్గం గుహలు తవ్వారు. ఎల్.ఎ. కమియేడ్ సేకరించిన పనిముట్ల ఆధారంగా ఆయనా, ఎం.సి. బర్కిట్టూ కలిసి 1930లో ఆగ్నేయ భారత రాతియుగానికి ఒక క్రమం ప్రతిపాదించారు. ఎన్. ఐజాక్ 1960లో పుణే విశ్వవిద్యాలయానికి సమర్పించిన వ్యాసం కర్నూలు రాతియుగ సంస్కృతుల మీద. కమియేడ్, బర్కిట్‌ల క్రమం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ సవరించాలో చెప్పాలంటే ఎవరో ఒకరు ఆ వాగులన్నీ మళ్ళీ నడవాలి. ఐజాక్ నడిచాడు.

ఎం.ఎల్.కె. మూర్తి చిత్తూరు జిల్లాను తీసుకున్నాడు. ఆయన పిహెచ్.డి. 1966 నాటిది. రేణిగుంట దగ్గర దొరికిన పొడవాటి చురకత్తుల వంటి రాతి పలుకులు భారతదేశంలో ఎగువ పాతరాతియుగం ఉందా లేదా అన్న చర్చను తేల్చడంలో కీలకమయ్యాయి. ఆ తర్వాత ఆయన బేతంచెర్ల వైపున్న ముచ్చట్ల చింతమాను గవి తవ్వి ఎముక పనిముట్లు వెలికితీశాడు. మూర్తి రాళ్ళ దగ్గర ఆగలేదు. బోయలు, చెంచులు, యానాదులు ఏ కాలంలో ఏం వేటాడతారు, ఏ దుంపలు తవ్వుకుంటారు, ఉచ్చులు ఎలా పన్నుతారు అన్నది గమనించి, గుహల్లో దొరికిన ఎముకలకు అర్థం వెతికాడు. విద్యార్థిగా జిల్లా మొత్తం తిరిగినవాడికే ఇలాంటి చూపు వస్తుంది. పటం మీద చుక్కలు పెట్టే పనిలో అడవిలో బతికే మనుషులతో పరిచయం ఎలాగూ తప్పదు. ఆ పరిచయాన్ని శాస్త్రంగా మలచడం ఆయన గొప్పతనం. 2003లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ సమగ్ర చరిత్ర మొదటి సంపుటానికి, క్రీ.పూ. 500 దాకా సాగే భాగానికి, ఆయనే సంపాదకుడు.

తెలుగువాడైన కాట్రగడ్డ పద్దయ్య దారి సరిహద్దు దాటింది. ఆయన దక్కన్ కళాశాల విద్యార్థిగా కర్ణాటకలోని షోరాపూర్ దోఆబ్‌ను ఎంచుకున్నాడు. అక్కడి నవీన శిలాయుగంపై ఆయన పుస్తకం 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అచ్చయింది. చాలామంది పట్టా రాగానే ప్రాంతం మారుస్తారు. పద్దయ్య మాత్రం దశాబ్దాలపాటు అదే దోఆబ్‌కు తిరిగి వెళ్ళాడు. పది లక్షల ఏళ్ళకు పైబడిందని తేలిన ఇసాంపూర్ రాతి పనిముట్ల తయారీ స్థలమూ, బూదిహాళ్ బూడిదదిబ్బా ఆ పట్టుదల ఫలితాలే. 2012లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కర్నూలు కథ కూడా అక్కడితో ముగియలేదు. జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రకటించిన ఫలితాలు ప్రపంచం దృష్టికి వచ్చాయి. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొరకు పైనా కిందా అక్కడ రాతి పనిముట్లు ఉన్నాయి. ఫుట్, కమియేడ్, ఐజాక్, మూర్తి వేసిన దారి లేకపోతే ఆ లోయ మీద అంత పట్టుగా పని సాగేది కాదు.

బూడిదదిబ్బల వివాదం

రాయలసీమ, తెలంగాణ, కర్ణాటకల్లో కనిపించే బూడిదదిబ్బలను ఊళ్ళవాళ్ళు రాక్షసుల చితాభస్మమనో, మునులు యజ్ఞాలు చేసిన చోటనో చెప్పుకొనేవారు. పేడ కాలిన బూడిద అని ఫుట్ ఊహించాడు. ఒప్పుకోనివాళ్ళు చాలామంది. ఎఫ్.ఆర్. ఆల్చిన్ లండన్ విశ్వవిద్యాలయానికి 1954లో సమర్పించిన వ్యాసం అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లా తొలి సంస్కృతుల మీద. ఆ పరిశోధన కోసమే ఆయన 1952లో పిక్లిహాళ్ తవ్వాడు. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిదదిబ్బను కోసి చూశాడు. గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల గుర్తులు, పేడ పొరలు పేర్పులు పేర్పులుగా తగలబడిన ఆనవాళ్ళు కనిపించాయి. అవి నవీన శిలాయుగపు పశువుల దొడ్లు. 1963లో వచ్చిన ఆయన పుస్తకం ఈ వాదాన్ని స్థిరపరిచింది.

ఈ వాదాన్ని తెలుగు విశ్వవిద్యాలయాల్లోంచి పరీక్షించినవాడు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామిరెడ్డి. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాల్వాయి దిబ్బ మీద ఆయన చేసిన పని 1976లో పుస్తకంగా వచ్చింది. దాని శీర్షికలోనే బూడిదదిబ్బల సమస్య అన్న మాట ఉంది. పరాయి పండితుడు చెప్పిన సిద్ధాంతాన్ని సొంత జిల్లా దిబ్బ మీద పరీక్షకు పెట్టడమనే ఈ పని మన విశ్వవిద్యాలయాలు ఇంకా ఎన్నోసార్లు చేయవలసింది.

శాసనాలు: రాజుల నుంచి దాతల వైపు

శాసన పరిశోధనలో పట్టా, ఉద్యోగం కలిసి నడిచాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి పురావస్తు శాఖలో శాసన విభాగంలో పనిచేస్తూ ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి కాకతీయులపై వ్యాసం సమర్పించాడు. అది 1978లో ప్రభుత్వ ప్రచురణగా వచ్చింది. కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం వంటి కొత్త ఆధారాలతో కాకతీయుల పూర్వీకుల వరస అందులో స్పష్టమైంది. ఊరు ఊరికీ తిరిగి మసిప్రతులు తీసిన చేతులతోనే రాసిన చరిత్ర కాబట్టి ఆ పుస్తకంలో శాసనం ఉన్న చోటు, రాయి స్థితి, అక్షరం తీరు అన్నీ కనిపిస్తాయి.

అవే శాసనాలను సింథియా టాల్బట్ మరో ప్రశ్నతో చదివింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి 1988లో సమర్పించిన ఆమె వ్యాసం మధ్యయుగ ఆంధ్రలో దేవుళ్ళకు, బ్రాహ్మణులకు ఇచ్చిన దానాల మీద. రాజు ఎవరన్నది వదిలి దాత ఎవరన్నది లెక్కగట్టింది. నాయకుడా, సెట్టా, రెడ్డా, గొల్లబోయుడా, స్త్రీయా? ఏ జిల్లాలో, ఏ దశాబ్దంలో, పొలమా, గొర్రెలా, చెరువా? ఇలా వందలాది శాసనాలను పట్టికలు వేసేసరికి, తీరం వదిలి మెట్ట ప్రాంతాలకు చెరువుల ఆసరాతో సేద్యం విస్తరించిన తీరు, పుట్టుకకన్నా సంపాదించిన బిరుదుకు విలువ ఇచ్చిన సమాజం కళ్ళకు కట్టాయి. 2001లో ఇది విస్తరించి పుస్తకమైంది. మన నేలలో దశాబ్దాలుగా అచ్చులో ఉన్న శాసన సంపుటాల్లోంచే ఇంత కొత్త చరిత్ర వచ్చిందన్నది ప్రతి పరిశోధక విద్యార్థీ గుర్తుంచుకోదగిన విషయం. కొత్త శాసనం దొరకకపోయినా కొత్త ప్రశ్న దొరకవచ్చు.

ఒక జిల్లా చరిత్ర: గుంటూరు

స్థానిక చరిత్రలో రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ వ్యాసానికి ప్రత్యేక స్థానముంది. 1961లో లండన్ విశ్వవిద్యాలయంలో పట్టా పొందిన ఈ పని 1965లో గుంటూరు జిల్లా, 1788–1848 అన్న పేరుతో పుస్తకమైంది. ఆయన మద్రాసు రికార్డుల్లో కలెక్టర్ల ఉత్తర ప్రత్యుత్తరాలు, రెవెన్యూ బోర్డు చర్చలు, ఫిర్యాదులు, విచారణ వాంగ్మూలాలు చదివాడు. పైకి కంపెనీ దొర పాలిస్తున్నట్టు కనిపించినా లెక్కలు, భాష, మనుషులు అన్నీ సిరస్తాదార్లు, కరణాల గుప్పిట్లో ఉన్నాయని, శిస్తు సొమ్ము ఊరికీ కచేరీకీ మధ్య మాయమయ్యే దారులు ఫలానా అని చూపాడు. 1832–33 నాటి కరువు తర్వాత జిల్లా చితికిపోయింది. చివరికి 1845లో విచారణ కోసం వాల్టర్ ఇలియట్‌ను పంపారు. అమరావతి మహాచైత్యంలో తవ్వి శిల్పాలను మద్రాసుకు చేర్చిన ఇలియట్ ఇతడే. శిస్తు లెక్కలు తీసిన మనిషే శిల్పాలూ తీయడం వల్ల గుంటూరు రెవెన్యూ చరిత్ర, అమరావతి పురావస్తు చరిత్ర ఒకే ఏటి కాగితాల్లో కలుస్తాయి. రెంటినీ విడివిడిగా చదివితే రెండూ సగమే అర్థమవుతాయి.

ఫ్రైకెన్‌బర్గ్ తర్వాత విస్కాన్సిన్‌లో ఆచార్యుడయ్యాడు. వెల్చేరు నారాయణరావు అక్కడే తెలుగు చెప్పాడు. తెలుగు ప్రాంతాల మీద అక్కడ వరసగా వ్యాసాలు వచ్చాయి. కారెన్ లియోనార్డ్ హైదరాబాదు కాయస్థ కుటుంబాల్లోకి వెళ్ళి వంశవృక్షాలు సేకరించి, నిజాం కొలువు లెక్కలతో పోల్చింది. జోసెఫ్ బ్రెనిగ్ పదిహేడో శతాబ్దపు డచ్చి కాగితాల్లోంచి గోదావరి డెల్టా నేతగాళ్ళ ఊళ్ళను బయటికి తీశాడు. జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథను గాయకుడి నోట విని రికార్డు చేసి, 1982లో పుస్తకంగా తెచ్చాడు.

తెలుగు శాఖల వాటా

స్థానిక చరిత్ర అనగానే చరిత్ర విభాగాలవైపే చూడటం పొరపాటు. ఊరిపేర్ల మీద తెలుగు శాఖల్లో జరిగిన పరిశోధన చాలా విలువైనది. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్లమీద, యార్లగడ్డ బాలగంగాధరరావు గ్రామనామాలమీద పట్టాలు పొందారు. పాడు, పల్లె, కుంట, కొట్టం, పాలెం వంటి పదాంతాలను శాసనాల్లోని పాత రూపాలతో పోల్చి, నీటి వసతి, అడవి నరికివేత, కులాల వలస ఎలా జరిగాయో ఈ పని చూపుతుంది. పాత దిబ్బలు వెతికేవారికీ ఇది అక్కరకొస్తుంది. ‘పాటి’ అన్న చేను పేరు వింటే అక్కడ ఒకప్పుడు ఊరు ఉండి పోయిందని క్షేత్ర పరిశోధకులకు వెంటనే అనుమానం కలుగుతుంది.

క్షేత్రంలో

మన దేశంలో తవ్వకానికి కేంద్ర పురావస్తు శాఖ అనుమతి కావాలి. అది సంస్థలకే దక్కుతుంది. కాబట్టి విద్యార్థి పనిలో తొంభై పాళ్ళు నేల మీద కనిపించేదాన్ని గమనించడమే. పంట కోసి నేల ఖాళీ అయిన వేసవి ఇందుకు అనువు. మెట్ట పొలాల్లో తొలి దుక్కి తర్వాత వాన పడితే కుండపెంకులు కడిగినట్టు తేలతాయి. డెల్టా వరిచేలల్లో ఈ సౌకర్యం లేదు. సర్వే శాఖ పటం, కొలపట్టీ, కెమెరా, సంచులు పట్టుకొని బయలుదేరిన విద్యార్థికి మొదటి గురువులు గొర్రెల కాపరులు. రాకాసి గుళ్ళు (పాత రాతి సమాధులు) ఎక్కడున్నాయో, పాటిమన్ను ఏ దిబ్బ నుంచి బండ్లకు ఎత్తుతున్నారో, ఇనుప చిట్టెం ఏ చేలో కాళ్ళకు తగులుతుందో వాళ్ళకే తెలుసు. ఉత్తర తెలంగాణలో ఎస్. జైకిషన్ చిట్టెం కుప్పలను ఊరూరా నమోదు చేయడం వల్లే కోనసముద్రం ఉక్కు వెనుక ఉన్న విశాలమైన పరిశ్రమ ఆనవాళ్ళు బయటపడ్డాయి.

శాసనమైతే రాతిని నీళ్ళతో, కుంచెతో శుభ్రం చేయాలి. తడి కాగితం పరచి, అక్షరాల గాడిలోకి దిగేదాకా కుంచెతో కొట్టాలి. ఆపైన గుడ్డ ఉండతో మసి అద్ది, ఆరాక ఊడదీయాలి. ఎండ ఎక్కువైతే కాగితం ముందే లేచిపోతుంది, గాలి వీస్తే చిరుగుతుంది. గుడి ధర్మకర్తను ఒప్పించడం అన్నిటికన్నా కష్టం. రాతి మీద సున్నం కొట్టి ఉంటే పని మూడింతలు.

కైఫీయతుల వాడకంలో జాగ్రత్త అవసరం. పద్దెనిమిదో శతాబ్దపు పాళెగాళ్ళు, ఇనాములు, చెరువు తగాదాల విషయంలో అవి బలమైన సాక్ష్యం. అదే కైఫీయతు ప్రతాపరుద్రుడి కాలం గురించి చెప్పిన మాటను శాసనంతో సరిచూడకుండా ఎత్తి రాస్తే చరిత్ర కాదు. ఈ తేడా పాటించని వ్యాసాలు కొన్ని ఉన్నాయి. ఇనాము రిజిస్టర్లు, జిల్లా మాన్యువళ్ళు, తార్నాకలోని రాష్ట్ర పత్రాలయంలో ఉన్న పారసీ కాగితాలు పక్కన పెట్టుకొని చదివితే కైఫీయతుల బలమూ బలహీనతా తేలుతాయి. పారసీ, మోడీ లిపి చదవగల విద్యార్థులు అరుదు కావడం తెలంగాణ స్థానిక చరిత్రకు నేడున్న పెద్ద లోటు.

చిన్న ప్రాంతాన్ని క్షుణ్ణంగా చూస్తే ఏం సాధించవచ్చో లార్స్ ఫోగెలిన్ విశాఖ పక్కనే చూపాడు. తొట్లకొండ బౌద్ధారామాన్ని రాష్ట్ర పురావస్తు శాఖ 1988–92 మధ్య తవ్వింది. ఫోగెలిన్ మిషిగన్ విశ్వవిద్యాలయానికి 2003లో సమర్పించిన వ్యాసం కోసం ఆరామం గోడల బయట, చుట్టూ ఉన్న కొండవాలులను అడుగడుగునా పరిశీలించి గుట్టరాళ్ళు, కట్టడాల ఆనవాళ్ళు, కుండపెంకులు నమోదు చేశాడు. భిక్షువులు లోకానికి పూర్తిగా దూరంగా లేరు, పూర్తిగా వర్తకుల మధ్యా లేరు, ఏకాంతమూ గృహస్థులతో పూజా సంబంధమూ రెండూ ఆ కొండ మీది కట్టడాల అమరికలో ఇమిడి ఉన్నాయి అన్నది ఆయన తేల్చిన మాట. ఈ పనికి కొత్త తవ్వకం అక్కర్లేకపోయింది.

నేటి స్థితి

ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయ శ్రీశైలం ప్రాంగణం వంటి చోట్ల ఈ పరిశోధన సాగుతోంది. రాతిచిత్రాలపై ఎన్. చంద్రమౌళి 2002లో తెచ్చిన గ్రంథం, కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళపై కె.పి. రావు చేసిన అధ్యయనం ఇటీవలి తరాలవి. ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

వ్యాసాల్లో కనిపించే పెద్ద లోపం పునరుక్తి. జిల్లా నైసర్గిక స్వరూపం, పాత పరిశోధనల సారాంశం అంటూ వంద పేజీలు పాత పుస్తకాల్లోంచే నిండుతాయి. విద్యార్థి సొంత కృషి చివరి అనుబంధంలో, ఊళ్ళ పట్టికలో ఉంటుంది. ఆ పట్టికే అన్నిటికన్నా విలువైనది. గ్రానైటు క్వారీలు, పొక్లెయిన్లతో చదునైన పొలాలు, జలాశయాల ముంపు వల్ల నాటి దిబ్బలు చాలా మాయమయ్యాయి. నాగార్జునకొండకు ముంపుకు ముందు 1954–60 మధ్య పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. చిన్న దిబ్బలకు ఆ అదృష్టం లేదు. వాటి ఉనికికి మిగిలిన ఏకైక సాక్ష్యం చాలాచోట్ల ఏదో ఒక టైపు ప్రతిలోని ఒక వాక్యం.

2009 నాటి యూజీసీ నిబంధనల తర్వాత వ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండారంలో చేరుతున్నాయి. పాతవి చేరడం ఆలస్యమవుతోంది. అందులోనూ చిక్కుంది. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో జిల్లాలు 31 అయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 26 అయ్యాయి. ఐజాక్ కర్నూలు అన్నదాంట్లో కొంత ఇప్పుడు నంద్యాల జిల్లా. పాత వ్యాసాల్లో అక్షాంశ రేఖాంశాలు తరచుగా ఉండవు, ‘ఊరికి ఈశాన్యంగా మైలు దూరం’ అని మాత్రమే ఉంటుంది. ఆ చిరునామాలను నేటి మండలాలకూ, ఉపగ్రహ చిత్రాలకూ జతచేసి, ప్రతి దిబ్బ దగ్గరికీ మళ్ళీ వెళ్ళి ఉందో లేదో చూసి రాయడం ఇప్పుడు ఒక పూర్తి పిహెచ్.డి.కి సరిపడే అంశం.